సెలవుల పంపకం

తెలుగులో 'సెలవు' అనే చిన్న మాట చాలా బరువులు మోస్తుంది. బడికి తాళం పడితే సెలవు. పెద్దల అనుమతి సెలవు. "తమ సెలవైతే బయలుదేరుతాను" అంటాం. పెద్దలు నోరు విప్పి ఒక మాట చెబితే 'సెలవిచ్చారు' అంటాం. వీడ్కోలూ సెలవే. పాత వాడుకలో వ్యయానికీ సెలవనే పేరు. తమిళులు నేటికీ ఖర్చును ఆ మాటతోనే పిలుస్తారు. తెలుగు పండితుడిగా ముప్పై మూడేళ్లు ఈ నానార్థాలను పిల్లలచేత వల్లె వేయించాను. ఇవన్నీ కలిసి ఒక్క పసివాడి నెత్తిన కూర్చోవడం మాత్రం ఉద్యోగ విరమణ తరువాత మా ఇంట్లోనే చూశాను.

ఈ సంగతులు రాసే ముందు మా అమ్మాయి సెలవు తీసుకొన్నాను. "పేర్లు రాయకు నాన్నా. ఎవరినీ తిట్టకు" అంది. ఆ రెండు షరతులకూ లోబడి రాస్తున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ 2020లో విడిపోయారు. 2022లో విడాకులు మంజూరయ్యాయి. కారణాలు వారివి, వాటి జోలికి పోను. మనవడు తల్లి వద్ద, అంటే తెనాలిలో మా ఇంట్లో పెరుగుతున్నాడు. తండ్రికి హైదరాబాదులో ఉద్యోగం. ఆయన తల్లిదండ్రులు వరంగల్లులో ఉంటారు. సెలవులకు పిల్లవాడు వెళ్లేది ఆ వరంగల్లు ఇంటికే; తండ్రి కూడా అక్కడికే వస్తాడు. తల్లీ తండ్రీ ఎదురుపడితే మాటా మాటా పెరుగుతుందని, అప్పగింతల బాధ్యత ఇద్దరు తాతలకు వచ్చింది. నేను రైల్లో తీసుకువెళ్లి వరంగల్లు స్టేషనులో అప్పగిస్తాను. గడువు తీరిన రోజున మళ్లీ అక్కడే తీసుకొంటాను. వియ్యంకుడు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మనిషి. బంధుత్వం తెగినా పిలుపు తెగలేదు. ఆయన నన్ను "బావగారూ" అనే అంటాడు, నేనూ ఆయనను అలాగే పిలుస్తాను.

కుటుంబ న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో సెలవుల గురించి ఉన్నది ఒకే వాక్యం. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులలో ప్రతిదానిలోనూ మొదటి సగం తండ్రి వద్ద, రెండవ సగం తల్లి వద్ద. చదవగానే నాకు ముచ్చట వేసింది. పద్యంలో యతిస్థానంలాగా ఎక్కడ విరగాలో అక్కడే విరిగింది, ఇక తగవుకు తావు లేదనుకొన్నాను.

తీర్పును తప్పుపట్టడానికి లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షను బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ప్రధానమంటుంది. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు మరికొంత విడమరిచి చెప్పింది. బిడ్డ ఒకరి సంరక్షణలో ఉన్నా రెండవవారితో సంబంధం తెగిపోరాదు. తల్లిదండ్రులు ఒకే ఊళ్లో ఉంటే వారాంతాలలో కలవవచ్చు. దూరంగా ఉంటే మాటిమాటికీ బడి మాన్పించి తిప్పడం బిడ్డకు మంచిది కాదు గనుక, సెలవులలో కలిసే వీలు కల్పించాలి. తెనాలికీ వరంగల్లుకూ మధ్య దూరం రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి మావాడి విషయంలో సెలవులే మిగిలాయి. ఒక తండ్రికి కొడుకుతో ఉన్న బంధమంతా పంచాంగంలో ఆ కొద్ది రోజులలోకి కుదించుకుపోయిందన్నమాట. అందుకే ఆ రోజుల మీద ఇరుపక్షాలకూ అంత పట్టు.

నాకున్న పట్టుకు మరొక కారణం ఉంది. తీర్పు వచ్చాక మొదటి వేసవిలో పిల్లవాడు గడువు దాటి మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఆ మూడు రోజులూ అటువైపు ఫోను పలకలేదు. జ్వరం వచ్చిందని తరువాత తెలిసింది; నిజమే కావచ్చు. మా అమ్మాయి మూడు రాత్రులు వీధి గుమ్మంలో కూర్చొంది. అది చూసిన నాటి నుండి నేను ఒక డైరీ పెట్టాను. వెళ్లిన తేదీ, వేళ, వచ్చిన తేదీ, వేళ, రైలు పేరుతో సహా రాసేవాణ్ణి. బడిలో హాజరుపట్టీ రాసిన చేయి గదా, చక్కగా గళ్లు గీసి మరీ రాశాను.

2024 దసరా వచ్చింది. ఆంధ్రలో బడులకు అక్టోబరు 3 నుండి 13 వరకు సెలవులిచ్చారు. మొత్తం పదకొండు రోజులు, సగం అయిదున్నర. అంటే 8వ తేదీ మధ్యాహ్నానికి తండ్రి వంతు ముగుస్తుంది. విజయదశమి 12న. వారి ఇళ్లలో దసరా అంటే మన సంక్రాంతి అంత పండుగ. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు పూలే పూలు. దసరా నాడు పాలపిట్టను చూడాలి. జమ్మి చెట్టుకు మొక్కి, ఆ ఆకులను బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవాలి. వియ్యంకుడు ముందుగానే ఫోను చేశాడు.

"బావగారూ, పన్నెండో తారీఖు దసరా. ఇంకో నాలుగు దినాలు ఉంచుకొని పంపుతం. సంక్రాంతికి పిల్లగాణ్ణి మొత్తం మీరే ఉంచుకోండ్రి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. "తీర్పు ప్రకారం 8వ తేదీ మధ్యాహ్నం నేను స్టేషనులో ఉంటాను బావగారూ" అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని "సరే, మీ ఇష్టం" అన్నాడు. అన్న ప్రకారమే తెచ్చి అప్పగించాడు. పిల్లవాడి సంచిలో విప్పని మడతతో కొత్త బట్టలున్నాయి. దసరా నాడు తొడుగుదామని నాయనమ్మ కొన్నవట. తెనాలిలో దసరా నాడు మేం అవి తొడగలేదు. తొడగాలని ఎవరికీ తోచలేదు. తోచినా నోరు విప్పలేదేమో, ఇప్పుడు చెప్పలేను.

తరువాత మా వంతు వచ్చింది. 2025 సంక్రాంతికి జనవరి 10 నుండి 19 వరకు పది రోజుల సెలవులు. మొదటి అయిదు రోజులు తండ్రివి. భోగి 13న, సంక్రాంతి 14న. రెండూ వరంగల్లుకే పోయాయి. మా ఆవిడ అరిసెలు వండి డబ్బాలో పెట్టి మూత వేసింది. భోగిమంట వేయడానికి వీధిలో పిల్లలు పిలిస్తే నేను బయటికి పోలేదు. సంక్రాంతి నాడు ఊరంతా ఇంటిపట్టున ఉంటే నేను పిల్లవాణ్ణి తేవడానికి రైలెక్కాను. పెట్టెలో కూర్చొని లెక్క చూసుకొంటే అప్పుడు తలకెక్కింది. అంత సమానంగా పంచిన తీర్పు వారి దసరాను మాకిచ్చింది, మా సంక్రాంతిని వారికిచ్చింది. రెండిళ్లకూ కావలసిన పండుగ రెండిళ్లకూ లేకుండా పోయింది. తీర్పు రాసినవారు రోజులు పంచారు. ఏ ఇంటికి ఏ రోజు ముఖ్యమో చెప్పవలసినవాళ్లం మేము, మేమే చెప్పలేదు. పైగా సరిచేద్దామని ఆయన చేయి చాచినప్పుడు డైరీ చూపించి కాదన్నది నేను.

వరంగల్లు స్టేషనులో వియ్యంకుడు పిల్లవాడి చేయి పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను తిరుగు ప్రయాణానికి ఒక టికెట్టు, ఒక అర టికెట్టు తీసి వచ్చాను. దసరా సంగతి ఎత్తి ఆయన నన్ను దెప్పుతాడేమో అనుకొన్నాను. దెప్పలేదు. నా చేతిలోని టికెట్లు చూసి నవ్వాడు.

"ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన బావగారూ. హాఫ్ టికెట్ ఇచ్చినమని పిల్లగాడు బస్సు సగమే ఎక్కుతడా? మొత్తం ఎక్కుతడు, మొత్తం దిగుతడు. సీట్ల కూసున్నప్పుడు కూడా మొత్తమే కూసుంటడు" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. రైలు వచ్చింది, ఎక్కాం. ఖమ్మం దాటేదాకా ఆ మాటే చెవిలో మోగింది. మహాభారతం సభాపర్వంలో జరాసంధుడి పుట్టుక కథ గుర్తుకొచ్చింది. బృహద్రథుడికి ముని ఇచ్చిన పండు ఒక్కటే. రాజు భార్యలిద్దరూ అన్యాయం జరగకుండా దానిని చెరిసగం చేసుకొని తిన్నారు. ఇద్దరికీ చెరొక సగం శిశువు పుట్టింది. ఆ ముక్కలను అవతల పారవేయిస్తే, జర అనే రాక్షసి ఏరుకొని ఒకచోట చేర్చినప్పుడు గాని బిడ్డ ఏడవలేదు. ఈ కథను పాఠంగా ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. భీముడు చీల్చిన వైనమే పిల్లలకు ఇష్టం గనుక అదే విస్తరించి చెప్పేవాణ్ణి. పుట్టుక దగ్గర ఎన్నడూ ఆగలేదు.

ఇంటికి వచ్చాక వారం రోజులకు మా ఆవిడ చీమల బారు చూసింది. వరుసగా గోడవెంట వచ్చి పిల్లవాడి పుస్తకాల సంచిలోకి దూరుతున్నాయి. సంచి దులిపితే అడుగున ఒక స్టీలు డబ్బా. అందులో సకినాలు. వరంగల్లు ప్రాంతంలో సంక్రాంతికి బియ్యప్పిండితో, నువ్వులూ వామూ కలిపి, చేత్తో చుట్లు చుట్టి వేసే పిండివంట అది. ప్రయాణంలో చాలామటుకు విరిగిపోయాయి. మిగిలినవి చీమలు పట్టాయి.

"ఇవి ఎవరిచ్చార్రా?" అంది మా ఆవిడ.

"నాయనమ్మ. అమ్మకు పెట్టమంది."

"మరి పెట్టలేదేం?"

వాడు తల వంచుకొన్నాడు. తల్లి ఆఫీసు నుండి ఇంకా రాలేదు. వాడి మాట చాలా మెల్లగా వచ్చింది. "పెట్టవచ్చో పెట్టకూడదో తెలియలేదు అమ్మమ్మా."

డబ్బాతో పాటు తెలుగు వ్యాసాల నోటుపుస్తకమూ బయటపడింది. అలవాటు కొద్దీ తిప్పాను. బడి తెరిచిన తరువాత 'సంక్రాంతి సెలవులు' అని వ్యాసం రాయించారు. మావాడు కనుమ నుండి మొదలుపెట్టాడు. తాతయ్యతో తోటకు వెళ్లాడు, ఎడ్లకు పసుపు రాయడం చూశాడు, అమ్మమ్మ అరిసెలు పెట్టింది. అర పేజీ. అంతకు ముందు అయిదు రోజులు వాడి జీవితంలో లేవు. భోగి లేదు, సంక్రాంతి లేదు, గాలిపటం లేదు, నాయనమ్మ లేదు, తండ్రి లేడు.

"అక్కడివి ఎందుకు రాయలేదు నాన్నా?" అని అడిగాను.

"కింద అమ్మ సంతకం పెట్టాలి కదా తాతయ్యా" అన్నాడు.

నేను ఆ పుస్తకం మూసి పెరట్లోకి వెళ్లి కూర్చొన్నాను. ఆ అర పేజీని నేను అంతకుముందు ఒకసారి చూశాను.

1996 జూను. గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల, ఏడవ తరగతి. బడి తెరవగానే తెలుగు పండితులందరం రాయించే వ్యాసమే నేనూ రాయించాను, వేసవి సెలవులు గడిపిన తీరు. ఒక అమ్మాయి అర పేజీ రాసింది. అమ్మమ్మగారి ఊరు, తాటిముంజలు, కాలువలో ఈత. మే నెల సగంలో కలం ఆగిపోయింది. దస్తూరి ముత్యాలకోవ. ఆ పిల్లను నిలబెట్టి "ఏమ్మా, మిగిలిన నెల్లాళ్లూ ఎవరు మింగారు?" అన్నాను. తరగతి ఘొల్లున నవ్వింది. నా చమత్కారానికి నేనూ నవ్వాను. మర్నాడు ఆ అమ్మాయి పూర్తి పేజీ తెచ్చింది. రెండవ సగంలో తిరుపతి యాత్ర. కొండ మెట్లు, పాపనాశనం, గుండ్లు, లడ్డూలు. 'చాలా బాగుంది' అని రాసి ఎర్ర సిరాతో సంతకం పెట్టాను.

అర్ధసంవత్సర పరీక్షల నాటికి ఆమె తల్లిదండ్రులు వేరువేరుగా ఉంటున్నారనీ, వేసవిలో రెండవ సగం తండ్రి ఊళ్లో గడుపుతుందనీ సహోపాధ్యాయుడొకరు చెప్పారు. ఆ పిల్ల తిరుపతి వెళ్లనే లేదు. "అయ్యో పాపం" అనుకొన్నాను. అంతే. చేసిన పని ఏమిటో అప్పుడు తెలియలేదు. ఇంట్లో చెప్పరాని సగాన్ని ఆ పిల్ల బడిలోనైనా ఖాళీగా వదిలింది. నేను ఆ ఖాళీని అబద్ధంతో నింపమన్నాను, నింపితే మార్కులు వేశాను. ఆమె ఇప్పుడు నలభై దాటిన ఇల్లాలై ఉంటుంది. ఎక్కడున్నదో తెలియదు. తెలిసినా ఏ ముఖంతో మాట్లాడను?

ఆ రాత్రి మా అమ్మాయికి డబ్బా, నోటుపుస్తకం రెండూ చూపించాను. చాలాసేపు చూసింది. "నేను వాణ్ణి ఎప్పుడూ ఏమీ అనలేదు నాన్నా" అంది. అది నిజం. తండ్రి గురించి ఒక్క చెడ్డమాట వాడి ముందు అనలేదు. అయితే మంచిమాట కూడా అనలేదు. వాడు వరంగల్లు నుండి వచ్చిన రోజున ఆమె స్నానం చేయించి, అన్నం పెట్టి, ఏమీ అడగకుండా పడుకోబెట్టేది. అడగకపోవడం మర్యాద అనుకొంది. నేనైతే అడిగేవాణ్ణి, ఎన్నింటికి అన్నం పెట్టారు, తండ్రి ఎన్ని రోజులున్నాడు, ఎవరెవరు వచ్చారు అని. అది మాటల వంటి మాట కాదు, సాక్షిని బోనెక్కించి అడిగే అడగడం. తల్లి మౌనం నుండి వాడు ఒకటి నేర్చుకొన్నాడు, నా ప్రశ్నల నుండి మరొకటి. రెండూ కలిసి వాడి నోటికి తాళమయ్యాయి.

దసరాను పూర్తిగా వారికి వదిలి సంక్రాంతిని మనం తీసుకొందామని అన్నప్పుడు మాత్రం ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "ఈ రోజు దసరా అంటారు. ఎల్లుండి చదువంతా అక్కడే అంటారు. నాకు ఆ ఒక్క వాక్యమే ఆధారం నాన్నా, దానిని కూడా మార్చేస్తావా?" అంది. ఆ మూడు రాత్రులు నేనూ మరచిపోలేదు. అందుకే బలవంతం చేయలేదు. వకీలు దగ్గరకు వెళ్లి కనుక్కొన్నాం. బిడ్డల సంరక్షణ గురించిన ఉత్తర్వులు రాతిమీద గీతలు కావనీ, పరిస్థితులు మారితే బిడ్డ మేలు కోసం మార్చుకోవచ్చుననీ 1973లోనే రోజీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. ఇరువురూ అంగీకరించి రాసుకొన్నదానిని కోర్టులో దాఖలు చేస్తే నోటిమాటగా కాక ఉత్తర్వుగానే నిలుస్తుందని వకీలు చెప్పాక ఆమె భయం కొంత తగ్గింది. వియ్యంకుడికి నేనే ఫోను చేశాను. దసరా నాడు కాదన్నందుకు ముందుగా మన్నించమన్నాను. "అగో, గట్లనెందుకు బావగారూ" అని ఆయనే సిగ్గుపడ్డాడు. తల్లీ తండ్రీ వేర్వేరు రోజులలో వచ్చి ఒకే కాగితం మీద సంతకాలు చేశారు. 2025 వేసవికి ముందే ఆ పని పూర్తయింది.

ఇదే దారిలో నడుస్తున్నవారు మిత్రులలో ఎవరైనా ఉంటే, మేము ఆలస్యంగా నేర్చుకొన్నవి చెబుతాను. పంపకం రాసుకొనేటప్పుడు రోజుల కన్నా ముందు పండుగల పేర్లు రాయండి. పిల్లవాడి పుట్టినరోజు, తాతల ఇళ్లలో శుభకార్యాలు కూడా రాయండి. రెండు రాష్ట్రాల బడుల సెలవులు ఒకటి కావు. 2024 దసరాకు తెలంగాణలో అక్టోబరు 2 నుండి 14 వరకు ఇచ్చారు, ఆంధ్రలో 3 నుండి 13 వరకే. పిల్లవాడు చదివే బడి పట్టికనే ప్రమాణంగా తీసుకొంటున్నామని స్పష్టంగా రాయాలి. 2025 వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుండి జూను 11 వరకు నలభై తొమ్మిది రోజులు. సగం చేస్తే మే 18 మధ్యాహ్నం! బేసి సంఖ్య వచ్చినప్పుడు ఆ పూట ఎవరిదో, ఎండవేళ ప్రయాణం ఎవరు చేయిస్తారో, ఖర్చు ఎవరిదో ముందే అనుకోవాలి. ఒంట్లో బాగాలేక ఆగిపోతే ఆ రోజే ఫోను చేయాలనే వాక్యం తప్పక ఉండాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే మా అమ్మాయికి మూడు రాత్రుల జాగారం తప్పేది. ఇక బడిపంతుళ్లకు ఒక విన్నపం. జూనులో ఆ వ్యాసం రాయించవద్దు. రాయించకపోతే తోచదంటారా, 'సెలవులలో నేను చూసిన ఒక చెట్టు' అని రాయించండి. చెట్టు ఏ ఊళ్లో ఉన్నదని అడగకండి.

కాగితం పని తేలికే. వాడి నోటి తాళం తీయడం కష్టమైంది. మే 18న నేను వరంగల్లు వెళ్లి తీసుకొచ్చినప్పుడు, రైల్లో ఏ ప్రశ్నా వేయలేదు. నా చిన్నప్పటి సెలవుల గురించి, మా మేనత్త ఇంట్లో చేసిన అల్లరి గురించి చెబుతూ కూర్చొన్నాను. మహబూబాబాదు దాటాక వాడే "తాతయ్యా, రామప్ప గుడి చూశావా?" అన్నాడు. చూడలేదన్నాను. అది నిజం. "నీటిమీద తేలే ఇటుకలతో కట్టారు. నాన్న చూపించాడు" అన్నాడు. 'నాన్న' అనే మాట మా వైపు భూమిమీద వాడి నోట వినడం నాకదే మొదటిసారి. "ఇటుక తేలుతుందా! అదెలారా?" అన్నాను. విజయవాడ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర నేనే అన్నాను. "ఒరే, రామప్ప గుడి సంగతి అమ్మమ్మకు కూడా చెప్పు." వాడు తల్లి వైపు చూశాడు. ఆ చూపు వర్ణించడం నా వల్ల కాదు. తల్లి పెరుగు వడ్డిస్తున్నది. చేయి ఆగింది. గిన్నె కింద పెట్టి, వాడి ముఖం చూడకుండానే అడిగింది.

"నాయనమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయిరా?"

"నడుస్తోందమ్మా. మెట్లు మాత్రం ఎక్కలేదు. రామప్పకు రాలేదు, కారులోనే కూర్చొంది."

"తైలం రాస్తోందా?"

"నేనే రాశాను."

"మంచిపని చేశావు" అంది.

ఇంతే. ఇందులో కథ లేదు. ఆ రాత్రి వాడు పదకొండింటి దాకా పడుకోలేదు. భద్రకాళి చెరువు, వేయిస్తంభాల గుడి, తాత నేర్పిన టికెట్టు కొట్టే విద్య, తండ్రితో ఆడిన చదరంగం, అన్నీ వరుసా వావీ లేకుండా దొర్లాయి. మా అమ్మాయి మధ్యలో ఒకసారి లేచి లోపలికి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చొంది. కళ్లు కడుక్కొని వచ్చిందని నాకు తెలుసు. విన్నది మాత్రం ఆఖరుదాకా విన్నది.

2025 అక్టోబరు 2న విజయదశమి. ఆ సెలవులన్నీ వాడు వరంగల్లులోనే ఉన్నాడు. ఒప్పందం బాగానే ఉంది గాని, ఇల్లు బావురుమంది. మా ఆవిడ రెండు పూటలు వాడికి కూడా కంచం పెట్టి తీసివేసింది. నేను పాత డైరీ తెరిచి గళ్లు చూసి మళ్లీ మూశాను. సెలవుకు వ్యయమనే అర్థం ఎందుకు వచ్చిందో ఆ పది రోజులలో బాగా బోధపడింది. పక్క ఇంట్లో ఆ ఖర్చు వరంగల్లువారు నాలుగేళ్లుగా పెడుతున్నారన్నదీ బోధపడింది.

వచ్చిన రోజున వాడు చెప్పులు విడిచీ విడవక ముందే జేబులోంచి జమ్మి ఆకులు తీశాడు. సగం ఎండి నలిగిపోయాయి. నాకు పెట్టి కాళ్లకు మొక్కాడు. అమ్మమ్మకు పెట్టాడు. తల్లి చేతిలో పెట్టి "బంగారం అమ్మా" అన్నాడు. ఆమె ఆ ఆకులను కాసేపు అరచేతిలో ఉంచుకొని దేవుడి గూట్లో పెట్టింది.

వారిద్దరూ మళ్లీ కలిశారని మిత్రులు ఊహించుకోవద్దు. కలవలేదు, కలవరు. ఇప్పటికీ అప్పగింతలు ఇద్దరు తాతలవే. అయితే సంచి అడుగున దాచిన డబ్బాలు లేవు. వాడి నోటుపుస్తకంలో దసరా వ్యాసం ఒకటిన్నర పేజీలు వచ్చింది. పాలపిట్ట దగ్గర రెండు అక్షర దోషాలున్నాయి, నేను దిద్దలేదు. కింద తల్లి సంతకం ఉంది.

పిల్లలకు సెలవులు ఇవ్వడం ప్రభుత్వం పని, పంచడం న్యాయస్థానం పని. ఒక ఇంట్లో గడిపినది రెండవ ఇంట్లో చెప్పుకోవడానికి వాడికి సెలవు ఇవ్వవలసింది మాత్రం ఇంట్లోవాళ్లమే. వాడు అడగడు. అడగలేడు. మనమే ముందుగా ఇవ్వాలి.

ఇక సెలవు.